లీడర్ తెగింది

రిచీ స్ట్రీట్‌లో పాత కీబోర్డులు గుట్టగా పోసి అమ్మే మెట్ల దగ్గర
తలెత్తి చూస్తే నా బోర్డు కనిపిస్తుంది, సగం.
మిగతా సగం పక్కవాడి ఏసీ డబ్బా వెనక.
"టేపు డ్రైవులు బాగుచేయబడును"లో
ఇప్పుడు బాగుచేయబడును మాత్రమే మిగిలింది.
జనం మిక్సీలు తెస్తున్నారు.

మునిరత్నం మాత్రం టేపే తెచ్చాడు.
అరచేతిలో పట్టే నల్ల డబ్బా, ఎండు వేపాకు వాసన.
మూతబడ్డ వ్యాసర్పాడి దారం మిల్లు జీతాల పద్దు.
అకౌంటెంటు బీరువాలో చీరల కింద
ఇరవై రెండేళ్లు ఉందట.
అసలు కంప్యూటర్ని కిలోల్లెక్కన తూచేశారు.

తెరిచి చూశాను. కొస లేదు.
"లీడర్ తెగింది" అన్నాను.
"మాకూ ముందు తెగింది లీడరే అక్కా"
అన్నాడు, నవ్వకుండా.
లీడరంటే టేపు ముందుకొస అనీ
డ్రైవు దాన్ని కొక్కెంతో పట్టే లోపలికి లాక్కుంటుందనీ
చెప్పబోయి ఊరుకున్నాను.

అన్బరసి నోటుపుస్తకంలో రాసుకుంటోంది.
పనిలో చేరి మూడు వారాలు.
నా తెలుగుకి తన తమిళం, నడుమ మిషను మాట.
హెడ్: తల కాదు, చదివే చోటు.
ఫైల్ మార్క్: ఒక సంగతి అయిందని టేపు తీసుకునే ఊపిరి.
స్క్రాచ్ టేపు: గీతలు పడ్డది కాదు,
చెరిపేయొచ్చని తేల్చినది.
"ఎవరు తేలుస్తారు?" పెన్ను ఆపి అడిగింది.
లిస్టు, అన్నాను.
తాత, తండ్రి, కొడుకు:
నెలకో తాత టేపు, వారానికో తండ్రి, రోజుకో కొడుకు.
రోజూ చెరిపి రాసేది కొడుకునే.
"మరి కూతురు?"
ఆ లెక్కలో లేదు. హెడ్ తుడుస్తూ కూర్చుంది చూడు.

చుట్ట అంటుకుపోయింది. మద్రాసు తేమకి
టేపు మీది పూత జిగురెక్కుతుంది.
ఎండ పనికిరాదు. పొయ్యి అసలే వద్దు.
మా అత్తగారి వడియాల కరెంటు డ్రైయరు,
యాభై డిగ్రీలు దాటని మొండిది,
ఇంగువ వాసన పోయేదాకా మూడుసార్లు కడిగి
అందులో ఎనిమిది గంటలు పెట్టాను.
మునిరత్నం మెట్ల మీదే నిద్రపోయాడు.

రాత్రి పదిన్నరకి
ఇంకో చచ్చిన టేపు లీడరు కోసి దీనికి అతికించాను.
డబ్బా అంచున చిన్న నొక్కు, తాళం బొమ్మ వైపు జరిపి ఉంది.
ఇక దీని మీద ఎవరూ రాయకూడదని
ఏ ఆఖరి సాయంత్రమో, ఎవరి వేలో.

డ్రైవు ముందుకు పోయింది, ఆగింది,
వెనక్కొచ్చింది, మళ్ళీ ముందుకు.
షూ షైనింగ్ అంటారు దీన్ని,
సెంట్రల్ స్టేషన్ బయట బూటు మీద గుడ్డ లాగినట్టు.
ఆ చప్పుడుకి మునిరత్నం లేచొచ్చాడు.
"మా కండె మిషను కదా ఇది.
పోగు తెగితే ఇట్లాగే వెనక్కి తిరిగేది."

పేర్లు రావడం మొదలైంది.
ఏలుమలై, టోకెన్ నలభై ఒకటి.
కుప్పయ్య. దేశమ్మ, రీలింగ్ ఖాతా.
పేరు వెనక పేరు, జీతంలో పట్టుకున్న సొమ్ము.
రెండు వందల పధ్నాలుగు మంది రావాలి.
రెండు వందల పదకొండు మంది వచ్చారు.
ఒక బ్లాకు చదవనంది.
హెడ్ తుడిచి మళ్ళీ. పారిటీ లెక్క కట్టి మళ్ళీ.
డ్రైవు నారింజ దీపం వెలిగించుకుని కూర్చుంది.

మునిరత్నం నా బిల్లు తిరగేశాడు.
పీఎఫ్ ఆఫీసు పెన్నుతో రాసింది ఒప్పుకోదని తెలుసు.
అయినా రెండు పేర్లు గబగబా రాశాడు, టోకెన్లతో సహా.
మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది.
"మధ్యాహ్నం షిఫ్టు" అన్నాడు.
"గేటు పక్క మిషను.
ఎడంచేత్తో ముడేసేది, చూడకుండా."
మళ్ళీ మొదటికొచ్చాడు. "మధ్యాహ్నం షిఫ్టు…"

రివైండ్ కానిదే డ్రైవు డబ్బాని వదలదు.
రెండు నిమిషాలు పడుతుంది.
అన్బరసి రాయడం మానేసింది.
లోపల టేపు మొదటికొసకి చుట్టుకుంటోంది.
"ఎడంచేత్తో" అన్నాడు,
తన ఎడంచెయ్యి చూసుకుంటూ.